గర్భిణి ఉన్న ఇల్లు: గడప దగ్గరి అమానతు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. మాతృగర్భపు చీకట్లలో మనకు రూపమిచ్చి, మన ఆయువును, ఉపాధిని నిర్ణయించినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లంపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు అవతరించుగాక! అమ్మా బఅద్.

మాన్యులైన పెద్దలారా, ప్రియ సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు, తరువాత మీకు హితవు చెబుతున్నాను. తఖ్వా అనేది మసీదులో ధరించి, మెట్లు దిగగానే విప్పివేసే వస్త్రం కాదు. ఇంట్లో, పొయ్యి దగ్గర, పడకగదిలో, ఎవరూ చూడని చోట మన నడవడిలో కనిపించేదే తఖ్వా.

దివ్య ఖుర్‌ఆన్‌లో లుఖ్మాన్ సూరా 14వ ఆయతులోనూ, అహ్‌ఖాఫ్ సూరా 15వ ఆయతులోనూ అల్లాహ్ తల్లి మోసే భారాన్ని ప్రస్తావించాడు. ఆమె అనుభవించే నీరసాన్ని, కాన్పు బాధను, పాలిచ్చే కాలాన్ని గుర్తుచేసి, తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగమని ఆదేశించాడు. ఈ ఆయతులు విన్నప్పుడు మనకు మన అమ్మ గుర్తుకు వస్తుంది, కళ్లు చెమరుస్తాయి. మంచిదే. అయితే ఇప్పుడు మన ఇంట్లో, మన బిడ్డను మోస్తున్న స్త్రీ కూడా అదే నీరసాన్ని, అదే బాధను అనుభవిస్తున్నది. ఆయతు ఆమె గురించి కూడా మాట్లాడుతున్నదని మనం ఎంతమందిమి గ్రహిస్తున్నాము?

గర్భిణికి జాగ్రత్తలు చెప్పడంలో మన సమాజానికి లోటు లేదు. బొప్పాయి తినవద్దంటారు, మెట్లెక్కవద్దంటారు, గ్రహణం వేళ కత్తి పట్టవద్దంటారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోగా, సూర్యచంద్రులు ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో గ్రహణం పట్టవని ప్రవక్త (స) స్పష్టం చేశారు. అయినా మన ఇళ్లలో గ్రహణం భయం పోలేదు. నిజంగా భయపడవలసినవి మాత్రం మన కళ్లెదుటే తిరుగుతున్నాయి. మరొక మాట. మనం చెప్పే జాగ్రత్తలన్నీ ఆమెకే. ఆమె ఇంట్లో ఉంటుంది. ప్రమాదం బయటి నుంచి వస్తుంది. బయటి నుంచి వచ్చేది ఎవరు? మనం. మన బూట్లతో, మన బట్టలతో, మన బీడీతో, మన దగ్గుతో అది లోపలికి వస్తుంది. కనుక ఈ రోజు ప్రసంగం గర్భిణుల కోసం కాదు. ఈ వరుసల్లో కూర్చున్న భర్తల కోసం, మామల కోసం, మరుదుల కోసం.

సోదరులారా! గర్భస్థ శిశువు ప్రాణానికి షరీఅత్ ఎంత విలువ కట్టిందో చూడండి. దైవప్రవక్త (స) కాలంలో హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు పోట్లాడుకున్నారు. ఒకామె విసిరిన రాయి రెండవ ఆమెకు తగిలి, ఆమె కడుపులోని శిశువు మరణించింది. ప్రవక్త (స) ఆ శిశువు కోసం 'గుర్రా' అనే పరిహారాన్ని విధించారు. ఏడవలేదు, పలకలేదు, తినలేదు, తాగలేదు, అలాంటి శిశువుకు పరిహారమేమిటని ఒక వ్యక్తి వాదించగా ఆ వాదాన్ని తిరస్కరించారు. ఫిఖహ్ పండితులు ఆ పరిహారాన్ని సంపూర్ణ దియత్‌లో ఇరవయ్యో వంతుగా లెక్కించారు. లోకానికి ఇంకా కనబడని ప్రాణానికి కూడా హక్కు ఉన్నదని, దానికి హాని కలిగించినవాడు జవాబుదారీ అని ఈ తీర్పు చెబుతున్నది. రాయి విసిరితేనే హాని అనుకోవద్దు. తనకూ పరులకూ హాని కలిగించరాదన్నది మన ధర్మంలోని మూల సూత్రం. పొగ ద్వారా, ధూళి ద్వారా, నిర్లక్ష్యం ద్వారా కలిగేది కూడా హానియే.

కొందరు సోదరులు, "అంతా తఖ్దీర్, రాసిపెట్టినది జరుగుతుంది" అంటారు. తఖ్దీర్‌ను విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. కాని దానిని బద్ధకానికి ముసుగు చేయరాదు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించినట్లు వార్త వచ్చింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపునకే పోతున్నామని ఆయన బదులిచ్చారు. జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలరాదని కూడా ప్రవక్త (స) బోధించారు. ఒంటెల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, కడుపులో బిడ్డను మోస్తున్న తల్లి విషయంలో మనల్ని ఊరకే వదిలిపెడుతుందా?

ఇక మన ఊరి సంగతికి వద్దాం. గోదావరిఖని అన్న పేరులోనే ఒక నది, ఒక గని ఉన్నాయి. నది నీరు ఇచ్చింది, గని అన్నం పెట్టింది. దానితో పాటు ధూళిని కూడా ఇచ్చింది. భూగర్భ గనుల్లో, ఓపెన్ కాస్టుల్లో, బొగ్గు లారీల మీద, రామగుండం విద్యుత్ కేంద్రంలో పనిచేసే సోదరుల బట్టల్లో బొగ్గు, రాతి, బూడిద ధూళి పేరుకొని ఉంటుంది. అందులో కంటికి ఆనని సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. గర్భిణి సన్నని ధూళిని, పొగను నిత్యం పీలుస్తూ ఉంటే బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆమె తీసుకునే శ్వాస ఒక్కరిది కాదు, ఇద్దరిది.

మన దేశంలో గని కార్మికులు పని ముగించి, స్నానం చేసి, బట్టలు మార్చుకొని ఇంటికి పోవాలనే ఉద్దేశంతోనే 1959లో పిట్‌హెడ్ బాత్ నియమావళి వచ్చింది. ఆ వసతి అందుబాటులో ఉన్నవారు దానిని వాడుకోవాలి. లేనివారు ఇంటి వెలుపలే బూట్లు విడిచి, పని బట్టలు బయటే దులపకుండా నీళ్ల బకెట్లో ముంచి, చేతులు, ముఖం కడుక్కొని లోపలికి రావాలి. పొడి బట్టను దులిపితే ధూళి గాలిలోకి లేస్తుంది. తడిపితే నీటిలో దిగిపోతుంది. ఆ బట్టలు ఉతికే పని గర్భిణి భార్యది కాదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, తమ ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. తన బట్టలు తాను ఉతుక్కోవడం ప్రవక్త (స) అనుచరునికి చిన్నతనం కాదు, సున్నత్.

బ్యాటరీ దుకాణాల్లో, రేడియేటర్ మరమ్మతు షాపుల్లో, పాత రంగులు గీకి కొత్త రంగులు వేసే పనుల్లో ఉన్న యువకులు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ పనుల్లో సీసం ఉంటుంది. శరీరంలో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, గర్భకాలంలో మళ్లీ రక్తంలోకి వచ్చి, మావిని దాటి బిడ్డ మెదడును చేరగలదు. ఇంత సీసమైతే ఫరవాలేదన్న హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ సందర్భంలో సుర్మా గురించి కూడా చెప్పక తప్పదు. హదీసులో ప్రస్తావన ఉన్నది ఇస్మిద్ అనే అంజనానికి. నేడు బజారులో సుర్మా పేరుతో అమ్మేవాటిలో అనేకం సీసపు ఖనిజాన్ని నూరి చేసినవని పరీక్షల్లో తేలింది. పేరు ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. అందులో ఏముందో తెలియని సుర్మాను గర్భిణి కంటికి గాని, పసిబిడ్డ కంటికి గాని పెట్టవద్దు. దానిని మానినందువల్ల సున్నత్ తప్పినట్లు కాదు. సీసం పెట్టుకోవడం ఎన్నడూ సున్నత్ కాలేదు.

రెండవది పొగ. ఒకప్పుడు మన కార్మిక వాడల్లో బొగ్గు పొయ్యిలు ఉదయం, సాయంత్రం పొగలు కక్కేవి. గ్యాసు వచ్చాక చాలావరకు తగ్గినా, నీళ్లు కాచుకోవడానికి, చలికాలంలో వెచ్చదనానికి ఇంకా కొన్ని ఇళ్లలో బొగ్గు రాజేస్తున్నారు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడతారు. బాలింత మంచం కింద నిప్పులు పెట్టే ఆచారం కూడా ఉన్నది. గనిలో పనిచేసిన పెద్దలకు కార్బన్ మోనాక్సైడ్ గురించి నేను చెప్పనక్కరలేదు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ వాయువును ముందే పసిగట్టడానికి పూర్వం గనుల్లోకి పంజరంలో చిన్న పక్షిని తీసుకుపోయేవారు. మనిషి కన్నా ముందు పక్షి సొమ్మసిల్లేది, మనిషి బయటపడేవాడు. కడుపులోని శిశువు రక్తం ఆ వాయువును తల్లి రక్తం కన్నా ఎక్కువగా పట్టుకొని, ఆలస్యంగా వదులుతుంది. తల్లికి కేవలం తలనొప్పి అనిపించే సమయానికి బిడ్డకు ప్రాణవాయువు కరవు కావచ్చు. గాలి పరీక్షించకుండా మూసిన గ్యాలరీలో అడుగుపెట్టని మనం, మూసిన గదిలో కుంపటి పక్కన భార్యను పడుకోబెడుతున్నామంటే ఏమనాలి? నిద్రించేటప్పుడు ఇళ్లలో నిప్పు ఆర్పివేయమని దైవప్రవక్త (స) పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే ఆదేశించారు. ఆ ఆదేశాన్ని ఈ రాత్రి నుంచే అమలు చేయండి.

బీడీ, సిగరెట్ పొగ కూడా ఇదే కోవలోనిది. కిటికీ దగ్గర నిలబడి తాగాను కదా అనుకోవద్దు. పొగకు గడప తెలియదు. గర్భిణి ఉన్న ఇంట్లో ఎవరూ పొగ తాగరాదు. ఆ ఇంటికి వచ్చే అతిథికి కూడా మర్యాదగా ఆ మాట చెప్పాలి. జర్దా, గుట్కా, పొగాకు పళ్లపొడి నోటిలోనే ఉంటాయి కదా అని ఆడవారికి కూడా అలవాటు చేస్తున్నారు. నమిలే పొగాకు కూడా బిడ్డ బరువును తగ్గిస్తుంది, మృతశిశు జననాల ప్రమాదాన్ని పెంచుతుంది. మన ఉత్తర తెలంగాణలో వేలాది మంది స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలు ఈదుతున్నారు. గర్భకాలంలో ఆ పొగాకు చేట ఒడిలో పెట్టుకొని కూర్చోకుండా, ఆ కొన్ని నెలలు ఇల్లు గడిపే బాధ్యత భర్త, అత్తమామలు పంచుకోవాలి. అది సాధ్యం కానంత పేదరికం ఉన్న ఇల్లు మన మహల్లాలో ఉంటే, ఆ భారం మన బైతుల్‌మాల్‌ది, మన జకాత్‌ది.

మూడవది అంటువ్యాధులు. ఇంట్లో పిల్లలకు జ్వరంతో పాటు ఒంటిపై ఎర్రని పొక్కులు వస్తే తేలికగా తీసుకోవద్దు. రుబెల్లా అనే జబ్బు పిల్లలకు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అదే జబ్బు గర్భిణికి మొదటి 12 వారాల్లో సోకితే బిడ్డకు కంటిపొర, చెవుడు, గుండె లోపాలు కలిగే ప్రమాదం 90 శాతం వరకు ఉంటుంది. 1941లో ఆస్ట్రేలియాకు చెందిన నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు పసిబిడ్డల కంటిపొరలకు, తల్లులకు గర్భకాలంలో సోకిన ఈ జబ్బుకు ఉన్న సంబంధాన్ని మొదట గుర్తించారు. 2017లో తెలంగాణలో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం జరిగింది. నేడు ఈ టీకా పిల్లలకు ఉచితంగా అందుతున్నది. ఈ టీకా గర్భిణికి ఇవ్వరు. అందుకే ఆమె చుట్టూ ఉన్న పిల్లలకు వేయించాలి. పుకార్లు నమ్మి పిల్లవానికి టీకా మాన్పించిన తండ్రి, తన బిడ్డనే గాక పొరుగింటి గర్భిణి బిడ్డను కూడా ప్రమాదంలోకి నెడుతున్నాడు. పొరుగువారి హక్కు గురించి మనం విన్న హదీసులు ఇక్కడ కూడా వర్తిస్తాయి.

ఏడవ నెలలో సత్వాసా చేస్తాము, బిడ్డ పుట్టాక చూడటానికి గుంపులుగా పోతాము. జ్వరం, దగ్గు, ఆటలమ్మ ఉన్నవారు అక్కడికి వెళ్లకపోవడమే ఆ రోజుకు వారు ఇవ్వగల గొప్ప కానుక. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు కఫం పరీక్ష చేయించుకోవాలి. రాతి ధూళితో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువని గని కార్మికులు మరువరాదు.

దోమల సంగతి. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉన్నదని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనుగొన్నారు. అంత పెద్ద రహస్యం మన గడ్డ మీదే తెలిసినా, మన కూలర్లలో, డ్రమ్ముల్లో, పాత టైర్లలో నీరు నిలుస్తూనే ఉన్నది. గర్భిణికి మలేరియా సోకితే క్రిములు మావిలో చేరి బిడ్డకు అందవలసిన పోషణను అడ్డుకుంటాయి; గర్భస్రావం కావచ్చు. వారానికి ఒకసారి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టి, మూతలు పెట్టండి. రాత్రి పాత్రలపై మూత పెట్టమన్న ప్రవక్త (స) బోధను ఈ విధంగా కూడా ఆచరించవచ్చు. ఆమె పడుకునే చోట దోమతెర కట్టండి. తలుపులన్నీ మూసి దోమల చుట్ట వెలిగిస్తే దోమ పొగ ఆమెకే తగులుతుంది.

పిల్లి విషయం చాలామంది అడుగుతుంటారు. పిల్లి అశుద్ధమైనది కాదని, అది మన చుట్టూ తిరిగే ప్రాణి అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ద్వారా మనకు హదీసు చేరింది. కనుక దానిని తరిమివేయనక్కరలేదు. కాని దాని మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు. అది గర్భిణికి సోకితే బిడ్డ కళ్లకు, మెదడుకు హాని చేయగలదు. ఆ క్రిమి విసర్జితమైన ఒకటి నుంచి ఐదు రోజుల తరువాతనే సోకే శక్తి పొందుతుంది. కాబట్టి ఇంటిలోని మరొకరు ప్రతిదినం ఆ చోటును శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. ఈ క్రిమి సరిగా ఉడకని మాంసంలోనూ, మట్టిలోనూ ఉంటుంది. బక్రీద్ రోజున పొద్దున్నే కలేజీ పైపైన వేయించి గర్భిణికి ప్రేమతో పెడతారు. బాగా ఉడికించి పెట్టండి. పచ్చి మాంసం కోసిన కత్తితో కూరగాయలు కోయవద్దు. మేకలు, గొర్రెలు పెంచే ఇళ్లలో, అవి ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు గర్భిణి దగ్గరికి పోరాదు. పాలు కాచకుండా తాగరాదు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే ఉమ్మత్ మనది. మరుగుదొడ్డికి పోయి వచ్చిన తరువాత, వంటకు ముందు, తిండికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం మనకు కష్టమా?

ప్రియ సోదరులారా! వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మూడవ నెల లోపే ఆమె పేరు ఆశా కార్యకర్త దగ్గర, ఆసుపత్రిలో నమోదు చేయించండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. ఆ రోజు డ్యూటీ మార్చుకొని వెంట వెళ్లండి. మీరు చేసే పనిని, దుకాణంలో మీరు ముట్టుకునే వస్తువులను వైద్యురాలికి చెప్పండి. ఆ సంగతి ఆమెకు మీరు చెబితేనే తెలుస్తుంది. జ్వరం, రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, ముఖం వాపు, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనబడితే దమ్ చేయించి ఎదురుచూడవద్దు. దుఆ చేస్తూనే 108కు ఫోను చేయండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన మాత్ర ఏదీ ఆమెకు ఇవ్వవద్దు. రమజాన్ ఉపవాసం వల్ల తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందని భయముంటే ఆమె ఉపవాసాన్ని వాయిదా వేసి తరువాత ఖజా చేసుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని అత్తగారైనా, పొరుగువారైనా ఎగతాళి చేయరాదు.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్నిసార్లు గర్భం నిలవదు. ఎక్కువ గర్భస్రావాలకు తల్లి చేసిన తప్పేమీ కారణం కాదు. ఆ సమయంలో "నీవు అది తిన్నావు, నీవు అక్కడికి పోయావు, నీ మీద నజర్ పడింది, నీ పాదం మంచిది కాదు" అని కోడలిని నిందించడం ఘోరమైన అన్యాయం. ఈ ప్రసంగంలో చెప్పిన విషయాలను కూడా ఎవరూ నిందకు ఆయుధంగా చేసుకోవద్దు. ఇవి మనం చేయవలసిన పనుల జాబితా, ఆమెను విచారించే ప్రశ్నల జాబితా కాదు. ఆమెను అనుక్షణం భయపెట్టడమూ సేవ కాదు. భయపడవలసినది మనం, నిశ్చింతగా ఉండవలసినది ఆమె. కాన్పులో మరణించిన స్త్రీని షహీద్‌గా పరిగణించిన ధర్మం మనది. బిడ్డను కోల్పోయిన తల్లికి సహనంపై గొప్ప ప్రతిఫలాన్ని వాగ్దానం చేసిన ధర్మం మనది. ఆమె పక్కన కూర్చొని మౌనంగా చేయి పట్టుకొన్నా అది ఓదార్పే.

గర్భిణి తన శరీరంతో తొమ్మిది నెలలు కాపలా కాస్తుంది. గడప దగ్గర కాపలా మనది. ప్రతి ఒక్కరూ కాపరియే, తన అధీనంలో ఉన్నవారి గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని మనం ఎన్నోసార్లు విన్నాము. ఈ రోజు ఇంటికి పోగానే బూట్లు ఎక్కడ విడవాలో, పని బట్టలు ఎక్కడ నానబెట్టాలో నిర్ణయించుకోండి. కుంపటిని గదిలో నుంచి తీసివేయండి. బీడీ కట్టను పారవేయండి. పిల్లల టీకా కార్డు వెతికి చూడండి. ఈ ప్రసంగ ప్రతిని ఇంట్లో చదివి వినిపించి, ఏమి మారాలో ఆమెనే అడగండి.

ఓ అల్లాహ్! మా తల్లులకు, భార్యలకు, కుమార్తెలకు, కోడళ్లకు ఆరోగ్యాన్ని, సుఖప్రసవాన్ని ప్రసాదించు. వారి గర్భాల్లోని అమానతులను కాపాడు. బిడ్డలను కోల్పోయిన వారి హృదయాలకు సాంత్వన కలిగించు. సంతానం కోసం ఎదురుచూస్తున్న వారి ఒడి నింపు. గనుల లోతుల్లో, యంత్రాల మధ్య శ్రమించే మా సోదరులను క్షేమంగా ఇళ్లకు చేర్చు. వారు తమ ఇళ్లకు హానిని గాక, నీ కారుణ్యాన్ని మోసుకొని వచ్చేవారిగా చేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.